కపితి మైదానమున వేట విడిది

వేటలో తుపాకి పేలునది ఒక్క క్షణము. ఆ క్షణమునకు ముందు జరుగవలసిన పని మాత్రము వారములు, నెలలు పట్టును. డేరాలు వేయవలెను, నీటి తావు చూడవలెను, తిండిగింజలు లెక్క చూచుకొనవలెను, బరువులు మోయువారిని కుదుర్చుకొనవలెను. వేటకథలు వ్రాసినవారు సాధారణముగ ఈ భాగమును రెండు వాక్యములలో దాటించి సింహము దగ్గరకు పోవుదురు. చదువరులకును అదియే ఇష్టము. కాని చరిత్ర తెలిసికొనగోరువారికి ఆ రెండు వాక్యముల వెనుక నున్నదే అసలు సంగతి యని మాకు తోచును. ఒక దొరతనము ఎవరి భుజములపై నడచినది, ఒక శాస్త్రము ఎంత వ్యయముతో పెరిగినది అను ప్రశ్నలకు జవాబు విడిదిలోని మూటలు విప్పి చూచినచో కొంత దొరకును.

అట్టి విడిది నొకదానిని ఈ ప్రసంగమునకు విషయముగ గైకొంటిమి. అది 1909వ సంవత్సరము ఏప్రిల్ నెలలో తూర్పు ఆఫ్రికాలోని కపితి మైదానమున వెలసినది. ఆ నాటికి ఆ దేశము బ్రిటిషువారి ఏలుబడిలో నుండెను, నేడది కెన్యా. విడిదికి యజమాని థియొడోర్ రూజ్వెల్టు. ఆయన అమెరికా అధ్యక్షపదవి నుండి దిగి అప్పటికి రెండు నెలలు కూడ నిండలేదు. వయస్సు 50 సంవత్సరములు.

రూజ్వెల్టు చిత్రమైన మనిషి. 1906లో ఆయనకు నోబెల్ శాంతి బహుమానము వచ్చినది. తన దేశములో అడవులను, పక్షుల తావులను ప్రభుత్వ రక్షణకు తెచ్చిన అధ్యక్షులలో ఆయనను మించినవాడు లేడు. 1902లో మిసిసిపీ అడవులలో కట్టివేసిన ఎలుగుబంటిని కాల్చుట కాయన ఒప్పుకొనలేదు. ఆ కథ పత్రికల కెక్కి, పిల్లలాడుకొను ఎలుగుబొమ్మకు ఆయన ముద్దుపేరే స్థిరపడినది. అట్టివాడే చిన్ననాటి నుండి వేటపిచ్చి కలవాడు. ఇంటిలో పక్షుల తోళ్ళలో దూది కూరి నిలబెట్టుట నేర్చినది బాల్యములోనే. ఈ రెండు గుణములును ఒక్కరిలో నెట్లిమిడినవని నేటివారు ఆశ్చర్యపడుదురు గాని, ఆ కాలపు ప్రకృతిశాస్త్రజ్ఞులలో చాలమంది ఇట్టివారే. ప్రాణిని గూర్చి తెలిసికొనుటయనగా దానిని చంపి, కొలిచి, తోలు భద్రపరచుటయే వారెరిగిన మార్గము.

పదవిలో నుండగనే, 1908లో, ఆయన వాషింగ్టనులోని స్మిత్సోనియన్ సంస్థకు జాబు వ్రాసెను. తాను ఆఫ్రికాకు పోదలచితిననియు, సంస్థవారు తోళ్ళు భద్రపరచగల శాస్త్రజ్ఞులను పంపినచో పడిన జంతువులన్నియు జాతీయ ప్రదర్శనశాలకు చెందుననియు దాని సారాంశము. తాను జంతువులను ఊచకోత కోయువాడను కానని కూడ అందులో చెప్పుకొనెను. ప్రదర్శనశాలకు అప్పుడు క్రొత్త భవనము లేచుచుండెను. దానిని నింపుటకు సరకు కావలెను. ఒప్పందము కుదిరినది. తనకును, కుమారుడు కెర్మిటునకును అగు ఖర్చు రూజ్వెల్టు పెట్టుకొనెను. దానికై స్క్రిబ్నర్సు పత్రికకు వ్యాసములు వ్రాయుటకు 50,000 డాలర్లకు ఒడంబడెను. శాస్త్రజ్ఞుల ఖర్చును సంస్థ విరాళములద్వారా సమకూర్చెను. ఇచ్చినవారిలో ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ ఒకడు. శాస్త్రజ్ఞులు మువ్వురు: సైన్యములో వైద్యుడై విరమించిన ఎడ్గార్ మెర్న్సు, ఎడ్మండ్ హెల్లరు, ఆల్డెన్ లోరింగు. మొదటివాడు పక్షులకు, మూడవవాడు చిన్న జంతువులకు, నడిమివాడు పెద్ద జంతువుల తోళ్ళకు ముఖ్యముగ బాధ్యులు.

1909 మార్చి 23న హాంబర్గ్ అను ఓడపై న్యూయార్కు రేవు విడిచి, నేపుల్సులో అడ్మిరల్ అను మరియొక ఓడ నెక్కి, ఏప్రిల్ 21న వారు మొంబాసా చేరిరి. దిగునప్పటికి కుండపోత వాన. ఓడలో తోడుగ వచ్చినవారిలో ఫ్రెడరిక్ సెలూ అను ఇంగ్లీషు వేటకాడుండెను. ఈ ప్రయాణమునకు వలయు సామగ్రి, మనుషులు, త్రోవలు నిర్ణయించుటలో ఆయన సలహాయే ప్రధానము. ఎనిమిదేండ్లు తిరుగక మునుపే, 1917 జనవరిలో, అదే తూర్పు ఆఫ్రికా గడ్డపై యుద్ధములో ఆయన తూటా తగిలి మరణించెను.

మొంబాసా నుండి కపితి వరకు రైలు. ఆ రైలును గూర్చి రెండు మాటలు చెప్పక ముందుకు పోజాలము, ఏలయనగా అది మనవారి చెమటతో కట్టినది. 1896లో పని మొదలై 1901లో విక్టోరియా సరస్సు చేరినది. పొడవు సుమారు 580 మైళ్ళు. దానికై భారతదేశమునుండి, ముఖ్యముగ పంజాబు ప్రాంతమునుండి, సుమారు 32,000 మంది కూలీలను ఒడంబడికపై తీసికొనిపోయిరి. వారిలో సుమారు 2,500 మంది జ్వరములకు, ప్రమాదములకు, మృగములకు బలియైరి. 1898లో త్సావో నదిపై వంతెన కట్టునప్పుడు రెండు మగ సింహములు రాత్రివేళ డేరాలలో చొచ్చి కూలీలను ఈడ్చుకొనిపోవుచుండెను. ఆ యేటి డిసెంబరులో ప్యాటర్సను అను ఇంజనీరు రెండింటిని చంపువరకు పని నిలిచిపోయినంత పని యైనది. 1900లో కీమా స్టేషనులో పోలీసు అధికారి రైయలును సింహము రైలుపెట్టెలోనే పట్టి చంపెను. కీమా కపితికి దూరము కాదు. అక్కడి నాణెము కూడ ఆనాడు మన రూపాయియే. గుఱ్ఱములను చూచువానికి అక్కడ వాడుకలోనున్న పేరు సయీసు. సఫారి యను మాట మన హైదరాబాదువారెరిగిన సఫరుకు తోబుట్టువు. సాయుధ భటునికి చెల్లిన అస్కారి యను పేరు లష్కరునకు చుట్టము. కనుక ఈ విడిది మాటలు మన చెవికి బొత్తిగ క్రొత్తవి కావు.

రూజ్వెల్టు ఆ రైలులో లోపల కూర్చుండలేదు. ఇంజను ముందుభాగమున, పట్టాలపై అడ్డమువచ్చు పశువులను నెట్టివేయు ఇనుపచట్రముపై, ఒక బల్ల అమర్పించి దానిపై కూర్చుండి ప్రయాణము చేసెను. పట్టాలకొక ప్రక్క వేట నిషేధించిన భూమి. అక్కడ జీబ్రాలు, కాంగోనీలు, జిరాఫీలు రైలును లెక్కసేయక మేయుచుండెను. ప్లీస్టొసీను యుగపు లోకమును రైలెక్కి చూచినట్లున్నదని ఆయన తన గ్రంథములో భావించెను. ఆ భావము అందమైనదే గాని, ఆ భూమిపై మసాయిలు తరతరములుగ పశువులను మేపుకొనిన సంగతి అందులో మఱుగుపడినది. పాశ్చాత్య యాత్రికుల వ్రాతలలో ఈ మఱుపు తరచుగ కనబడును.

కపితి స్టేషను ఊరు కాదు. సముద్రమట్టమునకు 5,000 అడుగులకు పైబడిన ఎత్తున, చుట్టును పచ్చిక, అక్కడక్కడ ముళ్ళచెట్లు, దూరమున కొండలు, నడుమ పట్టాలు. వానకాలపు రోజులు. రైలు దిగినవారికి ఎదురుగ కనబడినది డేరాల వరుస. అందు పెద్ద డేరాపై అమెరికా పతాకము ఎగురుచుండెను. డేరాల ముందు సామగ్రి గుట్టలు. వాటి ముందు బారులు తీరిన మనుషులు. చిన్న దండయాత్ర బయలుదేరబోవుచున్నట్లున్నదని రూజ్వెల్టునకే తోచినది. అందు ఆశ్చర్యము లేదు. బోయీలు రెండువందలకు పైగా, వారిపై పెత్తందారులు, ఎఱ్ఱ టోపీ, నీలి చొక్కా, తెల్లని పొట్టి లాగు ధరించి తుపాకులు పట్టిన అస్కారీలు, తుపాకి మోయువారు, వంటవారు, డేరా నౌకర్లు, సయీసులు, తోలు ఒలుచువారు. నలుగురైదుగురు వేటకాండ్రకును, మువ్వురు శాస్త్రజ్ఞులకును ఈ జనము.

ఈ వరుసలను గూర్చి రూజ్వెల్టు ఒక మాట తేలికగ వ్రాసి ముందుకు సాగినాడు. బోయీలను ఒకే తెగనుండి గాక పలు తెగలనుండి ఏరి తెచ్చిరట. తిరుగబడవలసి వచ్చినచో అందరును ఏకము కాకుండుటకై. మేము ఈ వాక్యమువద్ద చాలసేపు ఆగితిమి. విడిది సామగ్రి పట్టికలో ఉప్పు, తూటాలు, మందులు ఉన్నట్లే అనైక్యము కూడ ఒక సరకుగ చేరినదన్నమాట. రెండువందలమందికి పదుగురు దొరలు. మూటలన్నియు వారి చేతులలో. నీరు, తిండి, త్రోవ వారికే తెలియును. రాత్రి మంటలచుట్టు వారు తమ భాషలలో ఏమి మాటలాడుకొనుచున్నారో దొరలకు తెలియదు. ఆ భయమునకు విరుగుడు ముందే ఆలోచించిపెట్టిరి. దీనికి కారకుడు రూజ్వెల్టు కాడు. సఫారీలు కట్టువారి ఆనవాయితీ యది. ఆయన మాటలలో దానిపై విమర్శయును లేదు, సిగ్గును లేదు. మన దేశములో 1857 తరువాత సైన్యమును కూర్చిన విధము తెలిసినవారికి ఈ నీతి క్రొత్తది కాదు.

సఫారి నడుపుటకు ఏర్పడినవాడు ఆర్. జె. కనింగ్‌హామ్ అను స్కాట్లండువాడు, గడ్డము పెంచిన సన్నని మనిషి. ఆయనకు తోడు లెస్లీ టార్ల్‌టను అను ఆస్ట్రేలియావాడు. నైరోబీలో న్యూలాండు, టార్ల్‌టను అను పేర సఫారీలకు సామగ్రి కూర్చు వ్యాపారము అప్పటికే వెలసియుండెను. నైరోబీ ఊరే 1899లో రైలుతో పుట్టినది. పదేండ్లు నిండునప్పటికి వేట అచ్చటి వ్యాపారములలో ఒకటియైనది.

ఇక డేరాల లోపలికి పోదము. రూజ్వెల్టు డేరాకు పైన రెండవ కప్పు, ఎండ ఆపుటకు. వెనుక చిన్న చావడి, వేడినీటి స్నానమునకు. క్రింద మందపు గుడ్డ, ఏలయన అక్కడి గడ్డిలో పిడుదులు, తేళ్ళు, కాలివ్రేళ్ళలో దూరు పురుగులు. నేలకు ఎత్తుగ మంచము. భూమధ్యరేఖకు దాపే యైనను ఆ ఎత్తున రాత్రి చలి, కంబళ్ళు చాలినన్ని. పశువులమందల వెంట పడమటి మైదానములలో నేలపై పండుకొనిన తనకు ఈ సౌఖ్యము మితిమీరినట్లున్నదని ఆయన వ్రాసుకొనెను. సేవకు అలీ యను నౌకరు, అతనికొక సహాయుడు. తుపాకులు మోయుటకు ముహమ్మదు, బకారి. తిండిపెట్టెలు ఆ దేశపు సఫారీలలో మామూలుగ నుండునవే గాని, ఒక్కొక్క పెట్టెలో బోస్టను చిక్కుడుగింజల డబ్బాలు, కాలిఫోర్నియా పీచిపండ్లు, టమాటాలు కొన్ని చేర్పించుకొనెను. పరదేశము పోవు మనవారు మూటలో కందిపొడి కట్టించుకొనుట వంటిదే యిది. ఎంతటి అధ్యక్షుడైనను నాలుకకు ఊరు మఱుపురాదు.

తుపాకులు మూడు: సైన్యపు స్ప్రింగ్‌ఫీల్డు, వించెస్టరు, ఇంగ్లండులోని మిత్రులు కానుకగా ఇచ్చిన హాలండు జంటగొట్టపు తుపాకి. చూపు మందమగుటచే కళ్ళజోళ్ళు తొమ్మిది. ఒకటి పగిలి, రెండవది వానలో మసకబారి, ఖడ్గమృగము ఎదుటికి వచ్చిననాడు ఈ లెక్క అతిశయోక్తిగ తోచదు. వేటకు అనుమతిపత్రము వెల 50 పౌనులు. దానిపై ఏ జంతువు నెన్ని చంపవచ్చునో నిర్ణయము కలదు. ప్రదర్శనశాల నిమిత్తము రూజ్వెల్టునకు ప్రత్యేకపు అనుమతి. సింహమునకు, చిరుతకు మాత్రము నిర్ణయమే లేదు; నాటి చట్టములో అవి చీడపురుగుల పట్టికలో నుండెను. పశువులు పెంచు తెల్లదొరల కోరిక అందులో కనబడుచున్నది. నేడు కెన్యాకు యాత్రికులు పోవునది ఆ చీడపురుగును చూచుటకే.

విడిదిలో అన్నిటికంటె విలువైన సరకు ఇవియేవియు కావు. అది ఉప్పు. మెత్తని ఉప్పు, నాలుగు టన్నులు. దానితోపాటు చిన్నజంతువులకై వందలకొలది బోనులు. వేసవిలో మామిడికాయ ఊరవేయు ఇల్లాండ్రకు ఉప్పుపని చెప్పనక్కరలేదు; ఇక్కడను అదే సూత్రము. జంతువు పడిన గడియ నుండి ఎండకును తోలుకును పందెము మొదలగును. ఆలసించినచో వెండ్రుకలు ఊడిపోవును, పొట్ట పచ్చబడును. కనుక వెంటనే ఒలిచి, కొవ్వు, మాంసము గీకి, పెదవులు, చెవులు లోపలికి తిరుగవేసి, మడత మడతలో ఉప్పు రుద్దవలెను. ఉప్పు నీరును లాగును. నీరు పోయినచోట కుళ్ళు పుట్టదు. ఆ నీరు కారిపోయిన తరువాత నీడన ఆరవేయవలెను. ఎండలో వేసినచో తోలు బిరుసెక్కి పగులును. వానలో తడిసినచో మరల మొదటికి వచ్చును. ఆరిన తోలుకు పురుగు పట్టకుండ కాపాడవలెను. పుఱ్ఱెలు, ఎముకలు వేరుగ శుభ్రపరచి, ఏ తోలు కే పుఱ్ఱెయో తప్పకుండ చీటి కట్టవలెను: చోటు, తేదీ, ఆడదో మగదో, కొలతలు. చీటి పోయిన తోలు ప్రదర్శనశాలకు పనికిరాదు. అది వట్టి తోలు. ఏనుగు, ఖడ్గమృగము వంటివానికి పని ఇంకను కష్టము. ఆ తోలు మందమునకు ఉప్పు లోనికి దిగదు. కనుక కత్తులతో లోపలివైపు చెక్కి చెక్కి పలుచన చేయవలెను. ఎంతమంది కూర్చుండినను దినములు పట్టును.

ఈ పనియంతయు హెల్లరు చేతిక్రింద ఆఫ్రికను పనివాండ్రు చేసిరి. రూజ్వెల్టు ఒక గంటలో కాల్చినదానికి వారు రాత్రులు దీపములవెలుతురున కూర్చుండవలసి వచ్చెడిది. సింహము ముందు నిలిచినవాని ధైర్యమును మేము తక్కువ చేయము. అయినను ఈ విడిది ప్రదర్శనశాలకు మిగిల్చిన దేదియో అది తుపాకి గొట్టమునుండి గాక ఉప్పు మూటనుండి వచ్చినది.

ఉప్పు తనంత తాను నడువదు. ఒక బోయీ బరువు సుమారు 60 పౌనులు, అనగా మన లెక్కకు 27 కిలోలు. నాలుగు టన్నులను ఒక్కసారిగ తలకెత్తింపవలెనన్నచో ఉప్పుకే 130కి తగ్గని తలలు కావలెను. డేరాలు, తిండి, తూటాలు, బోనులు, మంచములు వేరు. మోయువాని తిండి కూడ మోయవలెనుగదా. దాని కింకొకడు, ఆ యింకొకని తిండికి మరియొకడు. సఫారి పెరిగిన కొలది దానిలో అధికభాగము తన్ను తానే మోసికొనుచుండును. ఇది సైన్యములను నడపినవారందరు ఎరిగిన లెక్కయే.

మన దేశమున రాజులును, వైస్రాయిలును సాగించిన వేటలలో ఏనుగులు, ఒంటెలు, ఎద్దుబండ్లు బరువు మోసెడివి. ఆఫ్రికాలో మనిషినే ఏల ఎన్నుకొనిరని శ్రోతలకు సందేహము కలుగవచ్చును. కారణము ఒక ఈగ. త్సెత్సె అను ఆ ఈగ కుట్టిన గుఱ్ఱము, ఎద్దు రోగమువచ్చి చచ్చును. అది తిరుగు ప్రాంతములలో బండి నడవదు. లేనిచోట్ల ఎద్దుబండ్లను వాడుటయు కలదు. ఆ వేసవిలో సోతిక్ ప్రాంతమునకు నీరులేని భూమి దాటి పోవునప్పుడు రూజ్వెల్టు సఫారికి బండ్లే దిక్కైనవి. ఒక ఈగ బుగ్గిచేసిన పశుబలమునకు బదులుగ మనిషి భుజము బజారులో సరకైనది. ఏనుగుదంతపు వ్యాపారమున్న పూర్వపు రోజులనుండి తీరమునందలి స్వాహిలీలు, లోపలి న్యామ్వేజీలు ఈ పనిలో ఆరితేరినవారు. బరువునెత్తుకొని పాడుచు, జింకకొమ్ములూదుచు, వాయించుటకు డోలులేనిచో ఖాళీ డబ్బాలు కొట్టుచు నడచుట వారి మర్యాద. విడిది చేరునప్పుడు ఆ చప్పుడు మరింత హెచ్చును. అది ఉల్లాసమా, అలసట మఱచుటకు పన్నిన ఉపాయమా యని అడిగినచో రెండునని మేమందుము. మన పల్లకీబోయీల పదము విన్నవారికి ఈ సంగతి తెలియును.

వారి దినబత్తెమునకు పోషో యని పేరు: మొక్కజొన్నపిండియో, బియ్యమో. పైన వేటమాంసము. పెద్ద జంతువు పడిననాడు విడిదికి పండుగ. చిన్న చిన్న గుంపులుగ మంటలు వేసికొని తెల్లవారువరకు కాల్చుకొని తినుచుండిరి. బోయీలు రూజ్వెల్టునకు బ్వానా మకూబా యని పేరుపెట్టిరి; పెద్దదొర యని అర్థము. కుమారుని బ్వానా మరిదాది యనిరి, సోకులరాయడని చెప్పవచ్చును. హార్వర్డు చదువునకు సెలవుపెట్టి వచ్చిన 19 ఏండ్ల కుఱ్ఱవానికి ఆ పేరెట్లు వచ్చినదో ఊహించుట కష్టము కాదు.

ఒక బోయీ మోసిన బరువును గూర్చి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. అది పుస్తకముల పెట్టె. రూజ్వెల్టు చెల్లెలు కొరీను అన్నగారికి కావలసిన పుస్తకములు అరువదివరకు ఎన్నించి, అంచులు కత్తిరింపించి, పందితోలుతో అట్టలు కట్టించి, అల్యూమినియపు పెట్టెలో అమర్చి ఇచ్చినది. మొత్తము 60 పౌనులకు కొంచెము లోపు. ఒక మనిషి బరువుకు సరిపోవునట్లు. బైబిలు, హోమరు, షేక్స్పియరు, మిల్టను, దాంతే, స్కాటు, డికెన్సు, మార్క్ ట్వైను అందులో నుండిరి. రక్తపు మరకలు, చెమట, తుపాకి నూనె, దుమ్ము, బూడిద తగిలినచో మామూలు అట్ట పాడైపోవును. పందితోలు మాత్రము బాగుగ వాడిన జీను వలె మెరుగెక్కును. ఆయన ఈ పుస్తకములను చెట్టునీడన, చచ్చిపడిన జంతువు ప్రక్కన, నీళ్ళకై ఎదురుచూచుచు చదివెడివాడు. ఇది విని కొందరు నవ్వుదురు గాని మాకు నవ్వు రాదు. ఎడారిలోనైనను చదువు మానని మనిషిని ప్రశంసింపవలసినదే. ఆ పెట్టెను మోసినవాడు అందులో నేమున్నదో చూచి యుండునా, ఎప్పుడైన ఒక పుస్తకము తెరచి దానిలోని నల్లని గీతలను పరికించి యుండునా యను ప్రశ్నయు దానితోబాటే మనస్సునకు వచ్చును.

పుస్తకములు చదువుటయే గాదు, వ్రాయుటయు ఆ విడిది పనులలో నొకటి. పత్రికకు ఒప్పుకొనిన వ్యాసములను రూజ్వెల్టు చెరగని పెన్సిలుతో, నకలు కాగితములు క్రింద పెట్టి, రాత్రి మంచముప్రక్క కూర్చుండి వ్రాసెను. తోళ్ళకు ఉప్పు ఎట్లో, చూచినదానికి ఆ పెన్సిలు అట్లు. ఒక ప్రతి పోయినను మరియొకటి చేరునని వేరు వేరు కవర్లలో పంపెడివాడు. వేటకాండ్ర పుస్తకములు ఏండ్లు గడచిన పిదప జ్ఞాపకముతో అల్లినవగుటచే సింహములు ఏటేట పెరుగుచుండును. ఈ పుస్తకమున ఆ దోషము తక్కువ.

కపితిలో గడచిన కొలది దినములలో పడినవి మైదానపు జంతువులే: టామ్సను జింకలు, వైల్డెబీస్టులు, అట్టివి. తుపాకుల గురి సరిచూచుకొనుటకును, బోయీలకు, పెత్తందారులకు ఒకరి తీరు ఒకరికి తెలియుటకును, హెల్లరు పనివాండ్రు చేయి తిరుగుటకును ఆ దినములు సరిపోయినవి. తరువాత మకాము కొండలవైపు, కిటాంగాలోని సర్ ఆల్‌ఫ్రెడ్ పీజుగారి పొలమునకు మారినది. మొదటి సింహములు పడినది అక్కడనే. అటుపై సోతిక్, నైవాషా, కెన్యా పర్వతము, ఉగాండా, లాడో. 1910 మార్చిలో ఖార్టూము చేరునప్పటికి పదునొకండు నెలలు గడచినవి.

లెక్కలు చెప్పక తప్పదు. తండ్రి తుపాకికి 296, కుమారుని తుపాకికి 216, మొత్తము 512 జంతువులు. అందు 17 సింహములు, 11 ఏనుగులు, 20 ఖడ్గమృగములు. శాస్త్రజ్ఞులు పట్టినవానితో కలిపి వెన్నెముక గల ప్రాణులు 11,397. ఇందులో అత్యధికము ఎలుకలు, గబ్బిలములు, పక్షులు, పాములు, చేపలు. తమకై తండ్రికొడుకులు ఉంచుకొనిన తోళ్ళు, కొమ్ములు డజనువరకే. ఆ సరకును విప్పి, సరిచేసి, పట్టిక వేయుటకు ప్రదర్శనశాలవారికి సంవత్సరములు పట్టినది. నేటికిని ఆ తోళ్ళు, పుఱ్ఱెలు పరిశోధకులకు పనికివచ్చుచున్నవి. నూరేండ్లనాటి జంతువు ఎక్కడ తిరిగినది, ఎంత పరిమాణము కలది అను సంగతులకు చీటి కట్టిన తోలును మించిన సాక్ష్యము లేదు.

తన్ను నిందించువారికి రూజ్వెల్టు ఇచ్చిన సమాధానము గట్టిదే. తాము చంపగలిగినదానిలో పదవవంతైనను చంపలేదనియు, ఈ పని తప్పైనచో ప్రపంచములోని ప్రదర్శనశాలలన్నియు తప్పేననియు ఆయన వాదించెను. ఎలుకలు, పక్షుల విషయమున మేము ఆ వాదమును ఒప్పుకొందుము. తెల్ల ఖడ్గమృగముల విషయమున ఒప్పుకొనజాలము. 1910 జనవరిలో నైలునది ఒడ్డున లాడో ప్రాంతమునకు వారు ప్రత్యేకముగ వాటికై పోయిరి. దక్షిణాఫ్రికాలో ఆ జాతి దాదాపు అంతరించినదని రూజ్వెల్టు ఎరుగును; ఎరిగియే తొమ్మిదింటిని చంపిరి. ప్రదర్శనశాలకు ఒక కుటుంబము చాలును. ఆ ఉత్తరపు జాతిలో కడపటి మగది, సూడాను అను పేరుగలది, కెన్యాలో 2018 మార్చిలో చనిపోయినది. అప్పటికి మిగిలినవి రెండు ఆడవి. ఈ నాశమునకు ఆ తొమ్మిదే కారణమని చెప్పుట అన్యాయము. కొమ్ముకై దొంగవేట సాగించినవారిది, యుద్ధములది పెద్దపాలు. అయినను శాస్త్రము పేర తొమ్మిదవదానిపై తుపాకి ఎత్తునప్పుడు ఆ చేతిని నడపినది శాస్త్రమో, పాత వేటపిచ్చియో విడదీసి చెప్పుట ఆయనకును సాధ్యమై యుండదు. కెన్యా ప్రభుత్వము 1977లో వేటను నిషేధించినది.

బోయీల సంగతి మిగిలినది. రూజ్వెల్టు పోయిన నాలుగేండ్లకు మహాయుద్ధము తూర్పు ఆఫ్రికాకు పాకినది. జర్మనుల వెంట అడవులలో తిరుగు సైన్యములకు తిండి, తూటాలు చేరవేయుటకు ఆ ఈగ మూలముననే మరల మనిషి భుజము కావలసి వచ్చినది. ఈ మారు వందలు గాదు, లక్షలు. కారియరు దళమను పేర బ్రిటిషువారు సమకూర్చిన ఆ మోతగాండ్రలో పదులవేలమంది జ్వరముతో, విరేచనములతో, ఆకలితో దారిలోనే పడిపోయిరి. స్మిత్సోనియనుకు చేరిన ప్రతి చిట్టెలుక తోలుకును చోటు, తేదీ వ్రాసిన చీటి కలదు. ఆ మనుషులలో అనేకుల పేర్లు ఏ పట్టికలోను లేవు. నైరోబీలో కారియకోర్ అను పేట కలదు. ఆ దళము విడిసిన చోటు గనుక కారియరు కోర్ అను మాటయే జనుల నోట నలిగి ఆ పేరైనది. నేడక్కడ అంగడి.